జెట్టీ మీద కూలీకి ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిది? చట్టం ఏం చెబుతోంది?

ఆదివారం పొద్దున్నే తెనాలి మార్కెట్లోనో, రేపల్లెలోనో, బాపట్లలోనో మీరు కిలో వంజరమో, అరకిలో రొయ్యలో కొంటారు. ధర అడుగుతారు, తాజాగా ఉందో లేదో చూస్తారు. ఆ చేప సముద్రం నుంచి మీ సంచిలోకి రావడానికి మధ్యలో ఒక చోటు ఉంది. అదే జెట్టీ. బోటు వచ్చి ఆగేది, సరుకు దిగేది, వేలంపాట జరిగేది, ఐసు, డీజిల్ ఎక్కేది అక్కడే.

బాపట్ల జిల్లాలో ఈ పనికి పెద్ద కేంద్రం నిజాంపట్నం హార్బర్. తుపాను వచ్చిన ప్రతిసారీ 'నిజాంపట్నం హార్బర్‌లో ప్రమాద హెచ్చరిక జారీ' అనే వార్త మీరు చదివే ఉంటారు. ఆ హెచ్చరిక బోట్లకు. మరి జెట్టీ మీద రోజూ గంపలు మోసే మనిషి కాలు జారి బోటుకూ గట్టుకూ మధ్య పడితే? ఐసు మరలో చెయ్యి పడితే? ఆసుపత్రి ఖర్చు ఎవరు పెట్టాలి? అసలు ఆ మనిషికి యజమాని ఎవరు?

వినడానికి తేలికైన ప్రశ్నలే. జవాబు మాత్రం అంత తేలిక కాదు. అందులోనూ 2025 నవంబర్ 21న దేశంలో 4 కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాత చట్టాల పేర్లు మారాయి, కొన్ని లెక్కలు మారాయి. అందుకే ఈ విషయాన్ని మొదటి నుంచి చూద్దాం.

జెట్టీ మీద ఎవరెవరు పనిచేస్తారు?

జెట్టీ అనగానే మనకు మత్స్యకారులే గుర్తొస్తారు. నిజానికి ఒక మరబోటు ఒడ్డుకు చేరితే దాని చుట్టూ చాలామంది చేతులు పడతాయి.

- బోటు మీద వచ్చిన డ్రైవర్, కళాసీలు
- సరుకు దింపే ముఠా కూలీలు, వాళ్లకు పని పంచే ముఠా మేస్త్రి
- ఐసు గడ్డలు తెచ్చేవాళ్లు, వాటిని మరలో వేసి పొడి చేసేవాళ్లు
- చేపలు, రొయ్యలు రకాల వారీగా వేరుచేసే మహిళలు
- కమీషన్ వ్యాపారులు, వాళ్ల గుమస్తాలు
- లారీలు, ఆటోల డ్రైవర్లు
- ఇంజిన్ మెకానిక్‌లు, వెల్డర్లు, రంగులు వేసేవాళ్లు, వలలు బాగుచేసేవాళ్లు
- హార్బర్ నిర్మాణం, విస్తరణ పనుల్లో ఉన్న భవన నిర్మాణ కార్మికులు

ఇందులో నెల జీతం మీద ఉండేవాళ్లు తక్కువ. ముఠాకు బోటు లెక్కనో, బాక్సు లెక్కనో కూలి. కళాసీలకు చాలాచోట్ల వేటలో వాటా. మహిళలకు రోజు కూలి, కొన్నిసార్లు సరుకులో కొంత. కాగితం మీద ఎవరి పేరూ ఉండదు. బాధ్యత జారిపోయేది మొదట ఇక్కడే.

నిజాంపట్నం ఎందుకు ముఖ్యం?

ఇక్కడ సరుకు ఎత్తడం, దించడం నిన్న మొన్న మొదలైన పని కాదు. 17వ శతాబ్దం మొదట్లో డచ్, ఇంగ్లిష్ వర్తకులు ఈ రేవును పెటపోలి అనే పేరుతో పిలిచేవారు. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ 'గ్లోబ్' 1611లో ఇక్కడికి వచ్చింది. తర్వాత మచిలీపట్నం, మద్రాసు పైకి వచ్చి ఈ రేవు వెనకబడింది. ఇప్పుడు ఇది ప్రధానంగా చేపల రేవు.

2020 నవంబర్ 21న, ప్రపంచ మత్స్యకార దినోత్సవం రోజున, రాష్ట్ర ప్రభుత్వం మొదటి దశలో 4 ఫిషింగ్ హార్బర్ల పనులకు శంకుస్థాపన చేసింది. ఉప్పాడ, మచిలీపట్నం, జువ్వలదిన్నెతో పాటు నిజాంపట్నం ఆ జాబితాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడ్డాక ఈ హార్బర్ కొత్త జిల్లాలోకి వచ్చింది.

హార్బర్ పెరిగితే బోట్లు పెరుగుతాయి, ఐసు, డీజిల్, లారీలు పెరుగుతాయి, గట్టు మీద మనుషులూ పెరుగుతారు. జెట్టీ పొడవు ఎంత, ఎన్ని బోట్లు ఆగుతాయి అన్న లెక్కలు ప్రభుత్వ ప్రకటనల్లో ఉంటాయి. అక్కడ పనిచేసేవాళ్ల భద్రత ఎవరి చేతిలో ఉందన్న లెక్క కూడా అంతే స్పష్టంగా ఉండాలి.

ప్రమాదం ఎక్కడ పొంచి ఉంటుంది?

ఏ ఫిషింగ్ జెట్టీ తీసుకున్నా ప్రమాదాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి.

*బోటుకూ గట్టుకూ మధ్య సందు:* పోటు ఉన్నప్పుడు బోటు గట్టుకు సమానంగా ఉంటుంది. పాటు వచ్చేసరికి కిందికి దిగిపోతుంది. ఉదయం ఒక్క అడుగులో దాటిన చోట మధ్యాహ్నం గెంతాల్సి వస్తుంది. తల మీద గంపతో, తడి పలక మీద నడుస్తూ ఆ సందులో పడితే ఈత వచ్చినా లాభం ఉండకపోవచ్చు. ఎందుకంటే కదిలే బోటు మనిషిని గట్టుకేసి నొక్కేస్తుంది.

*తడి నేల:* చేపల జిగురు, ఐసు నీళ్లు, చిందిన డీజిల్ కలిస్తే కాంక్రీటు గాజులా మారుతుంది. పైగా చాలా పని తెల్లవారకముందే మొదలవుతుంది. వెలుతురు చాలకపోతే జారడం, తట్టుకుని పడడం మామూలైపోతుంది.

*బిగిసిన మోకు:* బోటును కట్టిన తాడు బిగుసుకుని తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. ఆ దారిలో నిలబడ్డ మనిషి ఎముకలు విరుగుతాయి. తాడు లాగుతున్నప్పుడు దాని వరుసలో నిలబడకూడదన్న ఒక్క నియమం చాలా ప్రాణాలు కాపాడుతుంది.

*బోటు అడుగున ఉండే చేపల గది:* ఎక్కువ మంది పట్టించుకోని ప్రమాదం ఇది. మూసి ఉంచిన గదిలో చేప కుళ్లితే హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి విషవాయువు పుడుతుంది, ప్రాణవాయువు తగ్గిపోతుంది. శుభ్రం చేయడానికి దిగిన మనిషి స్పృహ తప్పుతాడు. అతన్ని కాపాడాలని ఇంకొకరు దిగుతారు, వాళ్లూ పడిపోతారు. మొదట్లో ఘాటుగా తగిలే కుళ్లు వాసన కాసేపటికి తెలియకుండా పోతుంది. గాలి బాగుపడింది కాబట్టి వాసన పోయిందనుకోవడం పొరపాటు. ఆ వాయువు ముక్కును మొద్దుబారేలా చేస్తుంది.

*బరువు:* మనుషులు ఎత్తే బరువుపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫార్సులో పురుష కార్మికుడికి గరిష్ఠంగా 55 కిలోలు అని ఉంది. మామూలు నేల మీదే అది పెద్ద బరువు. తడి గట్టు మీద, ఎత్తు తేడా ఉన్న బోటు నుంచి అయితే నడుముకు, మోకాళ్లకు అది చాలా ఎక్కువ.

*జబ్బులు:* రోజంతా ఉప్పునీళ్లు, ఐసులో చేతులు పెట్టడం వల్ల చర్మం పగిలి చీము పడుతుంది. ఎలుకలు తిరిగే తడి చోట్ల కాళ్ల పగుళ్ల గుండా ఎలుక జ్వరం సోకే ముప్పు ఉంటుంది. ఎండాకాలంలో వడదెబ్బ సంగతి కోస్తా వాళ్లకు చెప్పనక్కర్లేదు.

ఇంకో మాట. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. జెట్టీ మీద పని ఆగుతుందని మనం అనుకుంటాం. ఆగదు, రూపం మారుతుంది. బోట్లు బాగుచేయడం, తుప్పు గీకడం, వెల్డింగ్, రంగులు వేయడం అప్పుడే జరుగుతాయి. అంటే ఆ రెండు నెలల్లో జారిపడే ముప్పు తగ్గి, మంటలు, విషవాయువు, కరెంటు ముప్పు పెరుగుతాయి.

కొత్త చట్టం ఏం చెబుతోంది?

ఇదివరకు రేవుల్లో సరుకు ఎత్తే, దించే కార్మికులకు ప్రత్యేకంగా 1986 నాటి డాక్ కార్మికుల భద్రత, ఆరోగ్యం, సంక్షేమ చట్టం ఉండేది. దాని కింద 1990లో వివరమైన నిబంధనలు వచ్చాయి. ఇప్పుడు ఆ చట్టంతో పాటు ఫ్యాక్టరీల చట్టం, కాంట్రాక్టు కార్మికుల చట్టం, భవన నిర్మాణ కార్మికుల చట్టం సహా 13 చట్టాలు ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఆ గొడుగు పేరు వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్-2020. కొత్త నిబంధనలు పూర్తిగా చోటు చేసుకునే వరకు, కోడ్‌కు విరుద్ధం కాని పాత నిబంధనలు కొనసాగుతాయి.

ఈ కోడ్ ప్రకారం యజమాని చేయాల్సిన ముఖ్యమైన పనులు:

- గాయానికి, వృత్తి సంబంధ జబ్బుకు దారితీసే ప్రమాదాలు పనిచోట లేకుండా చూడాలి.
- నిర్దేశించిన వయసు, తరగతి కార్మికులకు ఏటా ఉచితంగా వైద్య పరీక్ష చేయించాలి. 40 ఏళ్లు దాటినవాళ్లకు ఇది వర్తిస్తుందని కేంద్రం చెప్పింది.
- నియామక పత్రం ఇవ్వాలి.
- భద్రత కోసం ఇచ్చే పరికరాలకు కార్మికుడి దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. బూట్లు ఇచ్చి కూలిలో కోసుకుంటే అది చట్ట విరుద్ధం.
- ప్రమాదంలో ఎవరైనా చనిపోయినా, 48 గంటలకు మించి పనికి రాలేనంత గాయపడినా అధికారులకు తెలియజేయాలి.

కార్మికుడికి ఒక ముఖ్యమైన హక్కు ఉంది. ప్రాణానికి లేదా ఒంటికి తక్షణ ముప్పు ఉందని సహేతుకంగా అనిపిస్తే ఆ విషయం యజమానికి చెప్పవచ్చు. అదే సమయంలో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్‌కూ చెప్పవచ్చు. కొత్త కోడ్‌లో ఈ అధికారిని 'ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్' అంటున్నారు. ముప్పు నిజమైతే యజమాని వెంటనే సరిదిద్దాలి.

అలాగే కార్మికుడికీ బాధ్యతలున్నాయి. ఇచ్చిన రక్షణ పరికరం వాడాలి. యంత్రాలకు ఉన్న అడ్డుకంచెలు తీసేయకూడదు. తన పని వల్ల పక్కవాడికి ముప్పు రాకుండా చూసుకోవాలి.

యజమాని నిర్లక్ష్యం వల్ల మనిషి చనిపోతే రెండేళ్ల వరకు జైలు, లేదా 5 లక్షల రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఆ జరిమానాలో కనీసం సగం బాధితుడి కుటుంబానికి ఇవ్వాలని కోర్టు ఆదేశించవచ్చు. పాత చట్టాల్లో జరిమానా ఖజానాకు పోయేది. ఈ మార్పు కుటుంబాలకు తెలిసి ఉండాలి.

చేపల జెట్టీ ఈ చట్టం కిందికి వస్తుందా?

చిక్కుముడి ఉన్నది ఇక్కడే. కోడ్ సాధారణంగా 10 మంది, అంతకంటే ఎక్కువ కార్మికులున్న చోట్ల వర్తిస్తుంది. ఒక బోటు యజమాని దగ్గరో, ఒక కమీషన్ వ్యాపారి దగ్గరో అంతమంది ఉండకపోవచ్చు. అయితే గనులకు, డాక్ పని జరిగే రేవులకు, వాటి పరిసరాలకు ఈ 10 మంది షరతు పెట్టలేదు.

'డాక్ పని' అంటే ఏమిటో కూడా కోడ్ విశాలంగానే చెప్పింది. ఓడ లేదా ఇతర నౌక నుంచి సరుకు ఎక్కించడం, దించడం, తరలించడం, నిల్వచేయడం అన్నీ అందులో ఉన్నాయి. సరుకు దించే చోటు అన్న మాట కూడా ఉంది. నౌకలో సరుకు గదులు, ట్యాంకులు శుభ్రం చేయడం, తుప్పు గీకడం, రంగు వేయడం కూడా డాక్ పనే. అంటే వేట నిషేధం రోజుల్లో జరిగే చాలా పనులు ఈ మాటల్లో ఇమిడిపోతాయి.

కానీ ఆచరణలో డాక్ భద్రత అనగానే యంత్రాంగం చూపు విశాఖపట్నం లాంటి మేజర్ పోర్టుల వైపు, కంటైనర్ల వైపు, క్రేన్ల వైపు వెళ్తుంది. మేజర్ పోర్టులు కేంద్రం పరిధిలో ఉంటాయి. నిజాంపట్నం మేజర్ పోర్టు కాదు కాబట్టి ఇక్కడ భద్రత చూసే బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిదే. అందులోనూ హార్బర్ కట్టేది ఒక విభాగం, మత్స్యకారుల సంక్షేమం చూసేది మత్స్యశాఖ, కార్మికుల పరిహారం చూసేది కార్మిక శాఖ. ముగ్గురి మధ్య గట్టు మీద గంప మోసే మనిషి ఎవరి దస్త్రంలోనూ లేకుండా పోయే ప్రమాదం ఉంది.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. డాక్ పనిలో భద్రతపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో చేసిన 152వ ఒప్పందం చేపల బోట్లకు సంబంధించిన పనిని మినహాయించే వెసులుబాటు దేశాలకు ఇచ్చింది. కానీ ఒక షరతు పెట్టింది. పని పరిస్థితులు సురక్షితంగా ఉండాలి. బోటు మీద పనిచేసేవాళ్ల కోసం 2007లో 188వ ఒప్పందం వచ్చింది. ఆసియాలో మొదటగా థాయ్‌లాండ్ 2019లో దాన్ని ఆమోదించింది. భారత్ ఆమోదించలేదు.

మరి యజమాని ఎవరు?

ఒక ఉదాహరణ ఊహించుకోండి. 35 ఏళ్ల ముఠా కూలీ బోటు నుంచి రొయ్యల బాక్సు దింపుతూ సందులో పడి చనిపోయాడు. బోటు యజమాని 'నేను ముఠాకు చెప్పాను, మనిషికి చెప్పలేదు' అంటాడు. మేస్త్రి 'నేనూ కూలీనే, పని పంచుతానంతే' అంటాడు. సరుకు కొన్న వ్యాపారి 'వేలంపాట అయ్యేదాకా సరుకు నాది కాదు' అంటాడు. హార్బర్ చూసేవాళ్లు 'మేం చోటు ఇచ్చాం, పని మాది కాదు' అంటారు.

చట్టం దీన్ని రెండు ముక్కలుగా చూస్తుంది. ఒకటి పనిచోటు భద్రత, రెండోది పరిహారం.

గట్టు పలక విరిగి, దీపం వెలగక, నిచ్చెన లేక ప్రమాదం జరిగితే ఆ చోటు ఎవరి అదుపులో ఉందన్న ప్రశ్న వస్తుంది. అది హార్బర్ నిర్వహణ చేసేవాళ్ల వైపు చూపిస్తుంది. బోటు సరిగా కట్టక, పాత తాడు తెగి ప్రమాదం జరిగితే బోటు వైపు చూపిస్తుంది.

పరిహారం విషయంలో చట్టం మరింత సూటిగా ఉంది. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరు చేత చేయించుకున్నా, ప్రమాదం జరిగితే అసలు యజమాని నుంచే పరిహారం అడగవచ్చు. ఆయన తర్వాత కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవచ్చు. అంటే మధ్యలో మేస్త్రి ఉన్నాడన్న మాట ఒక్కటే పైవాళ్లను బయట పడేయదు. ఇది గుర్తుంచుకోండి.

పరిహారం ఎంత వస్తుంది?

1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది. దాని షెడ్యూల్లో ఓడల్లో సరుకు ఎక్కించే, దించే, ఇంధనం నింపే, మరమ్మతు చేసే, శుభ్రం చేసే, రంగులు వేసే పనివాళ్ల ప్రస్తావన ఉంది. చట్టం వర్తించే రేవు పరిధిలో ఆ సరుకు మోసేవాళ్లూ ఉన్నారు.

లెక్క ఇలా ఉంటుంది. మరణిస్తే నెల వేతనంలో 50 శాతాన్ని వయసును బట్టి నిర్ణయించిన అంకెతో హెచ్చించాలి. శాశ్వతంగా, పూర్తిగా పనిచేయలేని స్థితి వస్తే 60 శాతంతో లెక్కించాలి. 35 ఏళ్ల వయసుకు ఆ అంకె 197.06. లెక్కకు తీసుకునే వేతనానికి పాత చట్టం కింద 2020 జనవరిలో కేంద్రం పెట్టిన పరిమితి నెలకు 15 వేలు.

- నెల కూలి 15,000 అని రుజువైతే: 7,500 × 197.06 = 14,77,950 రూపాయలు
- నెల కూలి 12,000 అని మాత్రమే రుజువైతే: 6,000 × 197.06 = 11,82,360 రూపాయలు

తేడా 2,95,590 రూపాయలు. కూలి ఎంతో రాసి ఉన్న ఒక చిన్న నోటుబుక్కు, ఫోన్‌పే చెల్లింపుల వివరాలు ఇంత విలువ చేస్తాయి. నోటు చేతిలో పెట్టి పంపించే చోట కుటుంబం ముందు కూలి ఎంతో నిరూపించుకోవాలి, తర్వాతే పరిహారం.

తాత్కాలికంగా పనిచేయలేకపోతే నెల వేతనంలో 25 శాతాన్ని అర్ధనెలకోసారి చెల్లించాలి. పరిహారం చెల్లించాల్సిన నాటి నుంచి నెలలోగా ఇవ్వకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ పడుతుంది. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు క్లెయిమ్ వేయాలి.

'తాగి ఉన్నాడు, చెప్పిన మాట వినలేదు' అనే వాదన మీరు వినే ఉంటారు. చిన్న గాయాల విషయంలో ఆ వాదన నిలబడవచ్చు. మరణం, శాశ్వత పూర్తి వైకల్యం విషయంలో దాన్ని సాకుగా చూపి పరిహారం ఎగ్గొట్టడానికి చట్టం ఒప్పుకోదు.

విశాఖ నేర్పిన రెండు పాఠాలు

2020 ఆగస్టు 1. విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో జెట్టీ క్రేన్‌కు బరువు మోసే పరీక్ష జరుగుతోంది. క్రేన్ కుప్పకూలింది. 11 మంది చనిపోయారు. వాళ్లలో షిప్‌యార్డు ఉద్యోగులతో పాటు కాంట్రాక్టు సంస్థల సిబ్బందీ ఉన్నారు. ప్రమాదం ముందు పర్మనెంటు, కాంట్రాక్టు తేడా ఉండదు. పరీక్ష జరుగుతున్నప్పుడు యంత్రం మీద, దాని కింద ఎంతమంది ఉండాలన్నదే అసలు ప్రశ్న. బరువులెత్తే యంత్రాన్ని అర్హత ఉన్న వ్యక్తి చేత ఏడాదికోసారి క్షుణ్నంగా తనిఖీ చేయించాలన్నది ప్రపంచమంతా పాటించే నియమం. చేపల జెట్టీ మీద చిన్న కప్పీ, గొలుసు వాడినా అదే సూత్రం వర్తించాలి.

2023 నవంబర్ 19 రాత్రి. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటులో మొదలైన మంట పక్క బోట్లకు పాకింది. పదుల సంఖ్యలో బోట్లు కాలిపోయాయి. బోట్లు ఒకదానికొకటి ఆనుకుని కట్టి ఉన్నాయి, వాటిలో డీజిల్, వంట గ్యాస్ సిలిండర్లు ఉన్నాయి. ఒక బోటు నిర్లక్ష్యం వరుసలో ఉన్న అందరి బతుకునూ కాల్చేయగలదని ఆ రాత్రి చూపించింది. బోట్ల మధ్య దూరం, మంటలార్పే పరికరాలు, రాత్రి కాపలా అనేవి ఒక్క యజమాని చేయగల పనులు కావు. అవి హార్బర్ స్థాయిలో జరగాల్సినవి.

ఈ రెండు ఘటనలకూ నిజాంపట్నానికీ సంబంధం ఏమిటని అడగవచ్చు. పెద్ద హార్బర్‌లో, ప్రభుత్వ రంగ సంస్థలో ఇలా జరిగినప్పుడు, కాగితాలు తక్కువ ఉండే చిన్న రేవులో ముందు జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

తుపాను వేళ పని ఆపేది ఎవరు?

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అంతకుముందే బోట్లను ఒడ్డుకు రప్పిస్తారు, వేటకు వెళ్లొద్దని చాటింపు వేస్తారు. ఈ విషయంలో మన తీరం చాలా నేర్చుకుంది.

కానీ తిరిగొచ్చిన బోట్లన్నీ ఒకేసారి జెట్టీ దగ్గర గుమిగూడతాయి. ఈదురుగాలిలో వాటిని కట్టడం, సరుకు దింపడం, వలలు మోయడం ఒడ్డు మీది కూలీలే చేస్తారు. సముద్రంలోకి వెళ్లొద్దని చెప్పే యంత్రాంగం ఉంది. గాలి ఇంత దాటితే గట్టు మీద పని ఆపమని చెప్పే మనిషి ఎవరో కూడా ముందే తేల్చి ఉండాలి.

చట్టం అందేలోపు చేతిలో ఉండాల్సినవి

పరిహారం కేసు తేలడానికి నెలలు, ఏళ్లు పట్టవచ్చు. అందుకే ఈ 4 దగ్గర పెట్టుకోమని మీకు తెలిసిన కార్మికులకు చెప్పండి.

1. *ప్రధానమంత్రి సురక్ష బీమా:* ఏడాదికి 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు, పాక్షిక వైకల్యానికి లక్ష. ఏటా జూన్ 1కి ముందు ఖాతాలో డబ్బు ఉండాలి, లేకపోతే పాలసీ ఆగిపోతుంది.

2. *మత్స్య సంపద యోజన కింద సామూహిక ప్రమాద బీమా:* మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి 5 లక్షలు, శాశ్వత పాక్షిక వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25 వేల వరకు. కార్మికుడు ప్రీమియం కట్టనక్కర్లేదు. పేరు నమోదైందో లేదో మత్స్యశాఖ కార్యాలయంలో అడగాలి. వేటకు వెళ్లేవాళ్లే కాదు, అనుబంధ పనుల్లో ఉన్నవాళ్లూ అడగాలి.

3. *ఈ-శ్రమ్ కార్డు:* 16 నుంచి 59 ఏళ్ల అసంఘటిత కార్మికులకు 12 అంకెల గుర్తింపు సంఖ్య. డబ్బు కంటే ముఖ్యంగా, తాను ఫలానా పనిచేసే కార్మికుడినని చెప్పే కాగితం ఇది. సహాయ నంబర్ 14434.

4. *భవన నిర్మాణ కార్మికుల బోర్డు నమోదు:* హార్బర్ నిర్మాణ పనుల్లో ఉన్నవాళ్లకు. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గత ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉండాలి.

ఇక్కడ ఒక తేడా గమనించండి. వేట నిషేధ కాలంలో రాష్ట్రం ఇచ్చే భృతిని 2025లో 10 వేల నుంచి 20 వేలకు పెంచారు. అది బోట్ల మీద వేటకు వెళ్లే మత్స్యకారులకు. అదే 61 రోజులు పని తగ్గిపోయే ముఠా కూలీకి, చేపలు వేరుచేసే మహిళకు ఆ పథకంలో చోటు లేదు. భద్రత విషయంలో కనిపించే ఖాళీయే ఆదాయం విషయంలోనూ కనిపిస్తుంది.

జెట్టీ మీద కనీసం ఏం ఉండాలి?

కోట్ల ఖర్చు అక్కర్లేని పనులు ఇవి.

- గట్టుకు బోటుకు మధ్య వేసే, పక్కన పట్టుకోవడానికి తాడున్న గట్టి పలక
- నీళ్లలో పడ్డవాళ్లు పైకెక్కేందుకు గట్టు గోడకు నిచ్చెనలు, అందుబాటులో లైఫ్‌బాయ్‌లు
- తెల్లవారుజాము పనికి సరిపడా దీపాలు
- జారని బూట్లు, చేతి తొడుగులు
- ఐసు మరకు అడ్డుకంచె, చేతికి అందే చోట ఆపే స్విచ్
- చేపల గదిలోకి దిగేముందు మూత తీసి గాలి ఆడనివ్వడం, పైన ఒకరు కాపలా ఉండడం, ఒంటరిగా ఎవరూ దిగకపోవడం
- తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె, మహిళలకు విడిగా మరుగుదొడ్లు

చివరిది సౌకర్యం అనిపించవచ్చు. కొత్త కోడ్ ప్రకారం మహిళలు తమ అంగీకారంతో సాయంత్రం 7 తర్వాత, ఉదయం 6కు ముందు పనిచేయవచ్చు. అయితే వాళ్ల భద్రతకు యజమాని ఏర్పాట్లు చేయాలి. తెల్లవారుజామున చేపలు వేరుచేసే మహిళలకు ఇది నేరుగా తగిలే నియమం.

ప్రమాదం జరిగితే మొదట ఏం చేయాలి?

108కి ఫోన్ చేయండి. సముద్రంలో ఆపద అయితే కోస్ట్‌గార్డ్ నంబర్ 1554. గదిలో స్పృహ తప్పిన మనిషి కోసం ఎవరినీ ఉత్తచేతులతో లోపలికి దిగనివ్వకండి.

ఆ తర్వాత పోలీసు ఫిర్యాదులో 'పని చేస్తుండగా' అన్న మాట, బోటు నంబర్, పని చెప్పిన వ్యక్తి పేరు, సమయం రాయించండి. ఆసుపత్రి చీటీలోనూ ప్రమాదం జెట్టీ మీద జరిగిందని ఉండేలా చూడండి. అక్కడున్న ఇద్దరు ముగ్గురి పేర్లు రాసుకోండి, చోటును ఫోన్‌లో ఫొటో తీయండి. పెద్దమనుషుల మధ్య కూర్చుని కొంత ముట్టజెప్పి తెల్లకాగితం మీద సంతకం తీసుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది. కార్మిక శాఖ అధికారి దగ్గర నమోదు కాని మరణ పరిహారపు ఒప్పందం చట్టం ముందు నిలబడదు. కుటుంబానికి ఈ మాట ముందే తెలిస్తే తొందరపడి సంతకం పెట్టరు.

నిజాంపట్నంలో చేప తాజాదనం కోసం ఐసు ఎంత వేయాలో అందరికీ తెలుసు. దాన్ని మోసే మనిషి క్షేమం కోసం ఎవరు ఏం చేయాలో కూడా జెట్టీ మీద ఒక బోర్డు మీద, తెలుగులో, పేరు, ఫోన్ నంబర్‌తో రాసి ఉంటే సగం గొడవ తీరుతుంది. ఈసారి అటు వెళ్లినప్పుడు అలాంటి బోర్డు ఉందేమో చూడండి. లేకపోతే ఎందుకు లేదని మీ ప్రజాప్రతినిధిని, జిల్లా కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల కార్యక్రమంలో అధికారులను అడగండి.